పిడుగు వాసన గల వాయువు - పగడాల తొట్టి



కిందటి నెలలో అమెరికా నుంచి, న్యూజెర్సీ అనే చోటినుంచి, ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు ఏడో తరగతి చదివే అబ్బాయి. అక్షరాలు వంకరటింకరగా ఉన్నా తెలుగులోనే రాశాడు. అక్కడక్కడ వాళ్ళమ్మ దిద్దినట్టున్నది. ఉత్తరంలో ఇలా ఉన్నది:

"మాస్టారూ, మా మామయ్య ఇంట్లో పెద్ద అద్దాల తొట్టి ఉన్నది. అందులో ఉప్పునీళ్ళు, రంగురంగుల చేపలు, బతికి ఉన్న పగడాలు ఉన్నాయి. నీళ్ళకు పసుపురంగు వచ్చిందని మామయ్య ఒక యంత్రం కొన్నాడు. దానితో ఓజోను అనే వాయువును నీళ్ళలోకి పంపిస్తాడు. ఓజోను విషమని మా పుస్తకంలో ఉన్నది. అదే ఓజోను ఆకాశంలో ఉండి మనల్ని కాపాడుతున్నదని కూడా అదే పుస్తకంలో ఉన్నది. చేపలున్న నీళ్ళలో విషం కలపటం ఏమిటి? అడిగితే మామయ్య 'నీకు అర్థం కాదులే' అన్నాడు."

అర్థం కాకపోవటానికి ఇందులో ఏమీ లేదు. అబ్బాయి అడిగిన ప్రశ్న సరి అయిన ప్రశ్న. ఆ ప్రశ్న వెయ్యకుండా ఆ యంత్రం కొన్నవాళ్ళు చాలామంది చేపలను పోగొట్టుకున్నారు. కనక ఈ నెల దీన్ని గురించే చెప్పుకుందాం.

ముందు పగడాల సంగతి. పగడం అనగానే మీకు అమ్మమ్మ మెడలోని ఎర్రపూసల దండ గుర్తుకొస్తుంది. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో, ఎండ బాగా తగలని చోట్ల పెరుగుతుంది. తొట్టిలో పెంచేవి దానికి దాయాదులు. పగడం మొక్కా కాదు, రాయీ కాదు, జంతువు. చిన్న సంచీ లాంటి ఒళ్ళు, సంచీ మూతి చుట్టూ వేళ్ళలాంటి పోగులు, అంతే దాని ఆకారం. ఇలాంటివి వేలూ లక్షలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, తమ కింద సున్నపురాయిని కట్టుకుంటూ పోతాయి. మన దేశంలో మన్నారు సింధుశాఖలోనూ, కచ్ సింధుశాఖలోనూ, లక్షదీవులలోనూ, అండమాన్ దీవులలోనూ ఇవి కట్టిన దిబ్బలున్నాయి.

వీటి ఒంట్లో మామూలు కంటికి కనిపించనంత చిన్న నాచుకణాలు కాపురముంటాయి. అవి వెలుతురు సాయంతో ఆహారం తయారు చేసుకుని, ఇంటి అద్దె చెల్లించినట్టుగా అందులో చాలా భాగం పగడానికి ఇచ్చేస్తాయి. అంచేత పగడానికి వెలుతురంటే అన్నంతో సమానం. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు మళ్ళీ పని ఉన్నది.

పగడాలను ఇంట్లో పెంచటం ఇవాళ పుట్టిన సరదా కాదు. 1846 లో ఇంగ్లండులో ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళి, అక్కడ రాతి పగడాలను చూసి ముచ్చటపడింది. వాటిని లండను తీసుకుపోవాలి. దారిలో దొర్లి దెబ్బతినకుండా ఆవిడ వాటిని సూదీ దారం పెట్టి ఒక పెద్ద స్పాంజికి కుట్టేసి, సముద్రపు నీళ్ళున్న రాతిజాడీలో పెట్టి తీసుకుపోయింది! ఇంటికి చేరాక అసలు చిక్కు వచ్చింది. నిలవ ఉన్న నీళ్ళలో పగడాలు ఎన్నాళ్ళు బతుకుతాయి? లండనులో సముద్రం లేదు. ఆవిడ ఒక ఉపాయం చేసింది. పనిమనిషి చేత ఆ నీళ్ళను, తెరిచిన కిటికీ దగ్గిర, ఒక పాత్రలోనుంచి ఇంకో పాత్రలోకి రోజూ అరగంట, ముప్పావుగంట సేపు పొయ్యించింది. మన ఇళ్ళలో కాఫీ చల్లార్చటానికి ఎత్తిపోస్తామే, అలా. గాలిలోని ప్రాణవాయువు నీళ్ళలో కలిసింది, పగడాలు బతికాయి. మరుసటి ఏడు ఆవిడ సముద్రపు నాచు కూడా తెప్పించి వాటితో వేసింది.

ఆ పనిమనిషి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. రోజూ ముప్పావుగంట సేపు నీళ్ళెత్తిపోసిన ఆ చేతులకు కూడా ఆ పగడాల పెంపకంలో సగం వాటా ఉన్నదని నా అభిప్రాయం.

గాలి కలపటంతో మొదటి చిక్కు తీరింది. రెండో చిక్కు మురికి. సముద్రంలో చేప వేసిన మలం అలల్లో కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? చేపలు తినగా మిగిలిన మేత, మలం, చచ్చిన నాచు, పగడాలు విడిచే జిగురు, అన్నీ ఆ నాలుగు అద్దాల మధ్యనే కుళ్ళాలి. కుళ్ళినప్పుడు అమ్మోనియా పుడుతుంది. రాళ్ళకూ ఇసకకూ పట్టి ఉండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగానూ, నైట్రైటును నైట్రేటుగానూ మార్చి ప్రమాదం తగ్గిస్తాయి. అయినా కొంత మురికి ఈ సూక్ష్మజీవులకు కూడా కొరుకుడు పడకుండా నీళ్ళలో కరిగి ఉండిపోతుంది. ఎండుటాకులు నానిన కుంటలో నీళ్ళు టీ రంగుకు తిరగటం మీరు చూసే ఉంటారు. ఇదీ ఆ జాతిదే. నెలలు గడిచేకొద్దీ ఇది పేరుకుని తొట్టి నీళ్ళకు లేత పసుపురంగు వస్తుంది.

ఆ రంగును రోజూ చూసేవాడు పోల్చలేడు, రోజూ చూసే బిడ్డ ఎత్తు పెరగటం తల్లికి తెలియనట్టే. అందుకని తొట్టి పెంచేవాళ్ళు ఒక చిన్న పరీక్ష చేస్తారు. తెల్లని ప్లాస్టిక్ ముక్క తీసుకుని సగానికి లేత పసుపు రంగు వేస్తారు. దాన్ని తొట్టి ఒక కొసన నీళ్ళలో ఉంచి రెండో కొసనుంచి చూస్తారు. నీళ్ళు స్వచ్ఛంగా ఉంటే తెలుపు వేరు, పసుపు వేరు కనిపిస్తాయి. నీళ్ళు పసుపెక్కి ఉంటే రెండు సగాలూ ఒకేలాగ కనిపిస్తాయి.

పసుపు రంగైతే నష్టమేమిటంటారా? పసుపుగా కనిపించే నీళ్ళు నీలి వెలుగును తాగేస్తున్నాయన్నమాట. పగడాల ఒంట్లోని నాచుకు అన్నిటికన్నా బాగా పనికి వచ్చేవాటిలో ఆ నీలి వెలుగు ఒకటి. అంటే నీళ్ళు పసుపెక్కేకొద్దీ పగడానికి కంచంలో అన్నం తగ్గుతున్నది.

ఈ మురికిలో కొంత తీసెయ్యటానికి నురుగు గొట్టం ఉన్నది. దీన్ని ప్రోటీన్ స్కిమ్మర్ అంటారు. కందిపప్పు ఉడికేటప్పుడు పైన నురుగు కడుతుంది, అమ్మ గరిటెతో తీసి పారేస్తుంది. సరిగ్గా అదే పని. పొడుగాటి గొట్టంలో నీళ్ళను, బహు చిన్న గాలిబుడగలను కలిపి గిలకొడతారు. జిడ్డు గల మురికి బుడగల ఒంటికి అంటుకుని పైకి వచ్చి, పైనున్న గిన్నెలో పడుతుంది. ఈ గిన్నెలో చేరే గోధుమరంగు కషాయాన్ని వాసన చూడమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఉప్పునీళ్ళలో బుడగలు చిన్నవిగా నిలుస్తాయి గనక ఈ యుక్తి పనిచేస్తుంది. మంచినీళ్ళలో అంతగా చెయ్యదు. కాని రంగునిచ్చే మురికంతా బుడగలకు అంటుకోదు. ఇక్కడ ఓజోను రంగంలోకి దిగుతుంది.

ఓజోను అంటే ఏమిటి? మనం పీల్చే ప్రాణవాయువు అణువులో రెండు పరమాణువులు ఉంటాయి. ఇద్దరు అన్నదమ్ములు చేతులు గట్టిగా పట్టుకుని నిలబడినట్టు స్థిరంగా ఉంటాయి. ఓజోనులో అవే పరమాణువులు మూడు ఉంటాయి. ఈ ముగ్గురికీ పొసగదు. ఎవరు దొరుకుతారా, మూడోవాణ్ణి వాళ్ళమీదికి తోసేద్దామా అని చూస్తూ ఉంటారు. దొరికినదానికి ఆ పరమాణువు తగులుకుంటుంది. మిగిలిన ఇద్దరూ మామూలు ప్రాణవాయువై పోతారు. నిప్పులో కట్టె కాలటమంటే ప్రాణవాయువు కట్టెతో కలవటమే. ఓజోను పని కూడా అటువంటిదే. మంట కనిపించదు, అంతే భేదం.

1785 లో హాలెండులో ఫాన్ మారుమ్ అనే ఆయన పెద్ద విద్యుత్ యంత్రంతో నిప్పురవ్వలు పుట్టిస్తుండగా ఒక ఘాటైన వాసన వేసింది. ఏమిటో తేలలేదు. తరవాత 1839 లో స్విట్జర్లండులో, బాసెల్ నగరంలో, షోన్‌బైన్ అనే ఆచార్యుడు నీళ్ళలోకి విద్యుత్తు పంపుతూ అదే వాసన పసిగట్టాడు. ఇది విద్యుత్తు వాసన కాదు, ఏదో కొత్త పదార్థపు వాసన అని నిశ్చయించుకుని, 1840 లో దానికి ఓజోను అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో వాసన వేయటం అనే అర్థం గల మాటనుంచి ఆ పేరు వచ్చింది. పిడుగు పడిన తరవాత గాలిలో ఒక వింత వాసన వేస్తుందే, అది చాలావరకు ఇదే. మా బడి ప్రయోగశాలలో విమ్‌షర్స్ట్ యంత్రం తిప్పి రవ్వలు రాల్చినప్పుడల్లా పిల్లలు ముక్కులు ఎగబీల్చేవాళ్ళు. పాతకాలపు జెరాక్సు యంత్రం పక్కన నిలబడిన పెద్దవాళ్ళకు కూడా ఈ వాసన పరిచయమే.

ఓజోను ఉన్నదా లేదా తెలుసుకోవటానికి షోన్‌బైన్ ఒక తమాషా కాగితం చేశాడు. గంజినీ, పొటాసియం అయొడైడు అనే లవణాన్నీ కలిపి కాగితానికి పట్టించి ఆరబెట్టాడు. దాన్ని తడిపి ఓజోను ఉన్న గాలిలో పెడితే నీలంగా మారుతుంది. ఓజోను అయొడైడులోనుంచి అయొడిన్‌ను విడిపిస్తుంది; అయొడిన్ తగిలితే గంజి నీలమెక్కుతుంది. ఇందులో రెండో సగం మీరు ఇంట్లో చూడవచ్చు: చల్లారిన గంజిలో ఒక్క చుక్క టింక్చర్ అయొడిన్ వెయ్యండి.

ఆకాశంలో ఉన్నది వేరే ఓజోనా అంటే, కాదు, ఇదే. భూమికి ఇంచుమించు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున అది ఉండి, సూర్యుడి కిరణాలలో మన చర్మానికీ కళ్ళకూ హానిచేసే అతినీల లోహిత కిరణాలను ఆపుతున్నది. అక్కడ మనం లేము, అది మన ఊపిరితిత్తుల్లోకి రాదు. పొయ్యిలో ఉన్న నిప్పు అన్నం వండుతుంది, కప్పు మీద పడితే ఇల్లు కాలుస్తుంది. పుస్తకంలో ఉన్న రెండు మాటలూ నిజమే.

1857 లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ ఓజోనును తయారుచేసే యంత్రం కనిపెట్టాడు. ఒక గాజు గొట్టంలో ఇంకొక గాజు గొట్టం. రెంటికీ లోహపు పూత. మధ్యనున్న సందులోనుంచి గాలి పోతుంటే, హెచ్చు వోల్టేజి విద్యుత్తు చప్పుడు లేకుండా ఆ గాలిలోగుండా ప్రసరిస్తుంది. రెండేసి పరమాణువుల జంటలు విడిపోయి, కొన్ని ముగ్గురేసిగా కూడుకుంటాయి. ఇవాళ తొట్టెలకు అమ్మే యంత్రాల్లో చాలా వాటిలో కిటుకు ఇదే. 1906 లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో తాగేనీళ్ళను ఓజోనుతో శుద్ధి చెయ్యటం మొదలుపెట్టారు. ఊరికి పనికివచ్చినది తొట్టికి పనికిరాదా అని తరవాత తొట్టెలవాళ్ళు అందుకున్నారు.

యంత్రంలోకి పోయే గాలి పొడిగా ఉండాలి. తడి గాలి అయితే ఓజోను తక్కువ పుడుతుంది, పైగా గాలిలోని నత్రజనినుంచి నత్రికామ్లం పుట్టి యంత్రాన్ని తినేస్తుంది. అందుకని గాలిని మొదట సిలికా జెల్ గుళికలగుండా పంపుతారు. కొత్త చెప్పుల పెట్టెలో చిన్న పొట్లం ఉంటుందే, అందులో ఉండేది అదే. మామూలు రబ్బరు గొట్టాలు కూడా పనికిరావు. ఓజోను తగిలితే అవి బీటలువారి చిట్లిపోతాయి. సిలికోను గొట్టాలు వాడాలి.

సరే, ఓజోను నీళ్ళలోకి వచ్చింది. ఏం చేసింది? తెల్ల చొక్కా మీద పసుపు మరక పడితే అమ్మ దాన్ని ఉతికి ఎండలో వేస్తుంది. సాయంత్రానికి మరక కనిపించదు. అణువులో రంగునిచ్చే కట్టు ఒకటి ఉంటుంది. ఎండకు ఆ కట్టు తెగింది, రంగు పోయింది. నీళ్ళలోని పసుపుకు ఓజోను చేసేదీ అదే. పొడుగాటి అణువుల కట్లు తెంపి ముక్కలు చేస్తుంది. రంగు పోతుంది. కాని ముక్కలు ఎక్కడికీ పోలేదు! నీళ్ళలోనే ఉన్నాయి. ముక్కలు చిన్నవి గనక ఇప్పుడు సూక్ష్మజీవులకు తినటం సులువు. కొన్ని అలా ఖర్చవుతాయి, కొన్ని ఉండిపోతాయి.

మన పల్లెల్లో వానాకాలపు బురదనీళ్ళలో చిల్లగింజ అరగదీసి వేసేవాళ్ళు. బురద అడుక్కు దిగేది, తేటనీరు పైన నిలిచేది. అక్కడ మురికి నిజంగా వేరుపడింది. ఓజోనుతో వచ్చిన తేటదనం ఆ జాతిది కాదు. నైట్రేటును ఓజోను తియ్యదు. ఫాస్ఫేటును తియ్యదు. ఆ రెండూ పెరిగితే తొట్టిలో నాచు పిచ్చిగా పెరిగి పగడాలను కప్పేస్తుంది. నీళ్ళు గాజులా మెరుస్తూ ఉంటాయి, లోపల పగడాలు చస్తూ ఉంటాయి. యంత్రం కొన్నవాడు అద్దంలోనుంచి చూసి, "నీళ్ళు ఎంత బాగున్నాయో!" అనుకుంటాడు, నీళ్ళు మార్చటం మానేస్తాడు. నేను భయపడేది ఈ మనిషిని చూసి.

ఇక విషం సంగతి. ఊరి బావిలో బ్లీచింగు పొడి వేసినప్పుడు వెంటనే తోడనివ్వరు. చాలినంత సేపు ఆగి, ఘాటు తగ్గాక తోడుకుంటారు. మందు తన పని తాను చేసి చచ్చిపోవాలి. తరవాతనే నీళ్ళు మనవి. కాని ఆ బావిలోనే చేపలుంటే? ఓజోనుకు మురికి ఏదో చేప మొప్ప ఏదో తెలియదు. రెంటినీ ఒకే విధంగా కాలుస్తుంది. అందుచేత ఓజోనును తొట్టిలోకి వదలనే వదలరు. తొట్టి పక్కన, నురుగు గొట్టంలోనో, ప్రత్యేకం పెట్టిన మూత గల పాత్రలోనో కొద్దికొద్దిగా నీళ్ళు తెచ్చి అక్కడ కలుపుతారు.

సముద్రపు నీళ్ళలో ఇంకొక మెలిక ఉన్నది. లీటరు సముద్రపు నీళ్ళలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో బ్రోమైడు ఇంచుమించు 65 మిల్లీగ్రాములు. అబ్బే, ఎంత, అనుకుంటారు. కాని ఓజోను నీళ్ళలో పడగానే మురికి మీదికి పోయేది కొంత, ఎక్కువ భాగం ఈ బ్రోమైడు మీద పడుతుంది. కొద్ది సెకండ్లలో ఓజోను మాయం! దాని బదులు హైపోబ్రోమైటు అనే కొత్త పదార్థం పుడుతుంది. ఇది బ్లీచింగు పొడికి పెదతండ్రి కొడుకు వంటిది. ఇదీ మురికిని కాలుస్తుంది, ఇదీ చేపలకు విషమే. పైగా ఓజోనులాగ చప్పున పోదు, నీళ్ళలో నిలుస్తుంది. అంటే పగడాల తొట్టిలో ఓజోను పేరుతో జరిగే పనిలో చాలా భాగం బ్రోమైడు పిల్లలు చేసేదే. "ఓజోను క్షణంలో విరిగిపోతుంది, ఇంక భయమేముంది" అనేవాళ్ళు సగం తెలిసినవాళ్ళు.

ఈ రెండోదాన్ని పట్టటానికి బొగ్గు ఉన్నది. ఉత్తేజిత బొగ్గు అంటారు. మన కొబ్బరి చిప్పలతో కూడా దీన్ని తయారుచేస్తారు. ఓజోను కలిసిన నీళ్ళు తొట్టిలోకి తిరిగివచ్చే ముందు ఈ బొగ్గు పొరగుండా పోవాలి. అక్కడ విషం విరిగిపోతుంది. నీళ్ళు బొగ్గులో మరీ వేగంగా పరుగెత్తకూడదు, బొగ్గును అప్పుడప్పుడు మార్చాలి. నన్నడిగితే, యంత్రానికి పెట్టిన ఖర్చు కన్నా ఈ బొగ్గుమీద పెట్టిన శ్రద్ధ ముఖ్యం. తమాషా ఏమిటంటే, ఈ బొగ్గు ఒక్కటే, ఓజోను లేకుండా కూడా, నీళ్ళలోని పసుపురంగును చాలావరకు లాగేస్తుంది! కనక ముందు బొగ్గు వేసి చూడాలి. మేత తగ్గించాలి, నీళ్ళు కొంత మార్చాలి, నురుగు గిన్నె కడగాలి. ఇవన్నీ చేశాక కూడా రంగు పోకపోతే అప్పుడు ఓజోను మాట.

ఎంత కలపాలి? 400 లీటర్ల తొట్టికి గంటకు 30 నుంచి 50 మిల్లీగ్రాముల ఓజోను అని సాధారణంగా చెపుతారు. ఇది చిటికెడు పంచదార అంత కూడా బరువుండదు. మొదలుపెట్టేటప్పుడు ఇందులో సగమో పావో చాలు. నీళ్ళలో కాల్చేశక్తి ఎంత ఉన్నదో కొలవటానికి ఓ.ఆర్.పి. మీటరు ఉన్నది. ప్లాటినం కొన గల పుల్లను నీళ్ళలో ముంచితే మీటరు మీద మిల్లీవోల్టులు కనిపిస్తాయి. పగడాల తొట్టెలలో సాధారణంగా 300 కూ 400 కూ మధ్య ఉంటుంది. అంకె పై హద్దు దాటగానే యంత్రం తనంతట తాను ఆగిపోయేటట్టు అమర్చుకోవచ్చు.

ఈ మీటరును గుడ్డిగా నమ్మటం కూడా తప్పు. ఆ ప్లాటినం కొనకు జిగురుపాచి పడితే అది అసలు ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు. అప్పుడు యంత్రం ఏమనుకుంటుంది? ఇంకా చాలలేదనుకుని ఓజోను పంపిస్తూనే ఉంటుంది. రాత్రి అందరూ నిద్రపోతారు. ఏళ్ళ తరబడి పెంచిన తొట్టి తెల్లవారేసరికి పాడైపోవచ్చు. అందుకని తెలిసినవాళ్ళు ఎంత తిప్పినా ప్రమాదమంత ఓజోను పుట్టించలేని చిన్న యంత్రమే కొంటారు.

ఇప్పుడు వెలుతురు సంగతికి మళ్ళీ వద్దాం. నెలల తరబడి పసుపునీళ్ళలో ఉన్న పగడం ఆ కొద్ది వెలుతురుకే అలవాటు పడి ఉంటుంది. ఓజోను పెట్టాక నీళ్ళు కొద్ది రోజుల్లోనే తేటపడతాయి. దీపాలు అవే, కాని వెలుతురు ఒక్కసారిగా హెచ్చింది. చీకటి గదిలోనుంచి మిట్టమధ్యాహ్నపు ఎండలోకి వచ్చినట్టు! పగడం తట్టుకోలేక తన ఒంట్లోని నాచును వెళ్ళగొట్టేస్తుంది, తెల్లగా పాలిపోతుంది. మేలు చెయ్యటానికి చేసిన పని చేటు చేసింది. అందుచేత నీళ్ళు తేటపడేటప్పుడు దీపాలను కొన్నాళ్ళు తగ్గించో, ఎత్తుకు జరిపో, మెల్లిగా అలవాటు చెయ్యాలి. ఓజోనును మొదట తక్కువగా పెట్టమనటానికి ఇది కూడా కారణం.

ఓజోను చేపల జబ్బులను కుదురుస్తుందని కొందరు చెపుతారు. పగడాల తొట్టెలో వాడే కొద్దిపాటి ఓజోనుతో అది జరగదు. చేప ఒంటికి పట్టిన పురుగు పక్కనున్న పాత్రలోకి నడిచివచ్చి కూచోదు గదా!

మనుషుల మాట కూడా చెప్పాలి. నీళ్ళలో కలవకుండా మిగిలిన ఓజోను బుడగలతో పైకి వచ్చి గదిలోకి పోతుంది. అమెరికాలో పనిచేసేచోట్ల ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు, కోటి పాళ్ళ గాలిలో ఒక పాలు ఓజోను. అంతకన్నా తక్కువ ఉన్నప్పుడే మన ముక్కు పసిగడుతుంది, అది మన అదృష్టం. కాని కొంతసేపటికి ముక్కు ఆ వాసనకు అలవాటుపడి చెప్పటం మానేస్తుంది. దగ్గు, గొంతులో మంట, గుండెలు పట్టేసినట్టుండటం ఓజోను లక్షణాలు. ఉబ్బసం ఉన్న పిల్లలకు మరీ ప్రమాదం. కనక బయటికి వచ్చే గాలిని కూడా బొగ్గు గుండా పంపాలి. గదిలో పిడుగు వాసన వేసిందంటే యంత్రం ఆపి, కిటికీలు తెరిచి, పెద్దవాళ్ళను పిలవాలి. ఈ యంత్రాన్ని ముట్టుకోవటం పిల్లల పని కాదు. లోపల ఉండే విద్యుత్తు వేల వోల్టులది.

మన దేశంలో ఉన్న పిల్లలకు ఇంకొక మాట. సముద్రపు దిబ్బల్లోనుంచి బతికిన పగడాలను తీసి అమ్మటం, కొనటం ఇక్కడ నేరం. దిబ్బలను కట్టే రాతి పగడాలను 2001 లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలు అది. బజారులో ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తెచ్చుకోకండి.

ఈ నెల ప్రశ్న: మంచినీళ్ళలో బ్రోమైడు చాలా తక్కువ. ఒకే కొలత ఓజోనును శుభ్రమైన ఒక సీసా మంచినీళ్ళలోకీ, అంతే శుభ్రమైన ఒక సీసా సముద్రపు నీళ్ళలోకీ పంపామనుకోండి. ఓజోను ఓజోనుగా ఏ సీసాలో ఎక్కువసేపు నిలుస్తుంది? రెండు సీసాలనూ బొగ్గు గుండా పంపకుండా ఒక గంట ఆగితే, ఆ తరవాత ఏ సీసాలో చేపను వెయ్యటానికి మీరు ఎక్కువ జంకుతారు? కారణం కూడా రాయాలి.